మాస్టడాన్ నుంచి బ్లూస్కైకి బ్రిడ్జ్: అనుమతి ఎలా అడగాలి, ఎలా ఇవ్వాలి, ఎలా వెనక్కి తీసుకోవాలి

"నేను మాస్టడాన్‌లో రాసేది బ్లూస్కైలో ఉన్న మా ఫ్రెండ్స్‌కి కనిపించాలంటే ఏం చేయాలి?" మా సర్వర్‌లో వారానికి ఒకరైనా ఇది అడుగుతారు. ఆ కిందే ఇంకొకరు "నావి మాత్రం ఎక్కడికీ పోకూడదు, దానికేం చేయాలి?" అంటారు. ఇద్దరికీ విడివిడిగా జవాబులు రాసి రాసి విసుగొచ్చి, అంతా ఒకచోట పెడుతున్నాను.

మాస్టడాన్, బ్లూస్కై రెండూ ట్విట్టర్ లాంటి పోస్టుల వేదికలే, కానీ వేర్వేరు. మాస్టడాన్‌లో ఎవరైనా సొంత సర్వర్ నడుపుకోవచ్చు. బెంగళూరులో మారతహళ్ళి, బెళ్ళందూరు వైపు ఉండే తెలుగువాళ్ళం 60 మంది దాకా కలిసి వాడుకునే చిన్న సర్వర్ మాది. దానికి నేను అడ్మిన్‌ని. అద్దె ఇళ్ళ కబుర్లు, పండక్కి ఊరెళ్ళే బస్సు టికెట్ల గొడవ, అప్పుడప్పుడు పద్యాలు. పోయినేడాది ఒక శనివారం రాత్రి చిన్న స్క్రిప్ట్ రాసి, సర్వర్‌లోని పబ్లిక్ పోస్టులన్నీ బ్లూస్కైలో ఒక బాట్ ఖాతాలో (మనిషి కాక ప్రోగ్రామ్ నడిపే ఖాతాలో) పడేలా పెట్టాను. టెస్టింగే కదా అనుకున్నాను. ఆపడం మర్చిపోయి పడుకున్నాను.

వాటిలో ఒక అక్క రాసిన పోస్టు ఉంది. ఇల్లు ఖాళీ చేస్తే ఓనర్ పది నెలల అడ్వాన్సులో ఎంత కోశాడో, ఏమేం మాటలన్నాడో అందులో రాసింది. సోమవారం ఆఫీసులో ఎవరో ఆ పోస్టును తీసుకొచ్చి ఆవిడకే చూపించారు. ఆవిడ ఫోన్ చేసేసరికి నేను సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఉన్నాను. "నేను మన అరుగు మీద కూర్చుని చెప్పుకున్నాను తమ్ముడూ. నువ్వెందుకు మైకు పెట్టావు?" అంది.

పోస్టు పబ్లిక్‌గానే ఉంది కదక్కా అనబోయి మింగేశాను. పబ్లిక్ అని పెట్టినప్పుడు ఆవిడ మనసులో ఉన్న జనం వేరు, నేను చూపించిన జనం వేరు.

ఎవరికి ఏ భాగం కావాలో ముందే చెబుతాను:

- మీ ఒక్కరి ఖాతా సంగతే అయితే 1 నుంచి 4 వరకు చాలు.
- సర్వర్ నడిపేవాళ్ళు 5వ భాగం తప్పకుండా చదవాలి.
- సొంతంగా బ్రిడ్జ్ రాద్దామనుకునే ఇంజనీర్లు 6, 7 భాగాలు చదివాకే కోడ్ తెరవండి.

## 1. బ్రిడ్జ్ దాటితే ఏం మారుతుంది

మాస్టడాన్ మాట్లాడేది యాక్టివిటీపబ్ అనే ప్రోటోకాల్, అంటే సర్వర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే భాష. బ్లూస్కైది ఏటీ ప్రోటోకాల్. రెండింటికీ నేరుగా పొత్తు కుదరదు. మధ్యలో దుబాసీలా ఒక సర్వర్ కూర్చుని ఇక్కడి పోస్టును అక్కడి పోస్టుగా మార్చి పంపుతుంది. అదే బ్రిడ్జ్. ఈ రెండింటి మధ్య ఎక్కువమంది వాడేది బ్రిడ్జీ ఫెడ్.

మారేది ప్రోటోకాల్ ఒక్కటే అయితే అనుమతి గోల ఉండేది కాదు. ఇవి కూడా మారతాయి:

వెతికేవాళ్ళు. మాస్టడాన్‌లో మీ పోస్టు సెర్చ్‌లో రావాలా వద్దా అన్నది మీరే ప్రొఫైల్ సెట్టింగ్స్‌లో ఎంచుకోవాలి. 2023లో వచ్చిన 4.2 వెర్షన్ నుంచి ఇది ఉంది. మీరు టిక్ పెట్టకపోతే రాదు. బ్లూస్కైలో పోస్టులన్నీ బహిరంగ ప్రవాహంలోకి వెళతాయి. దాన్ని ఫైర్‌హోస్ అంటారు, పేరుకు తగ్గట్టే ఉంటుంది. దానికి ఎవరైనా గొట్టం తగిలించి పట్టుకోవచ్చు. 2024 నవంబరులో ఎవరో అలాగే పది లక్షల పోస్టులు పట్టి మెషీన్ లెర్నింగ్ డేటాసెట్‌గా పెట్టి, జనం తిట్టాక తీసేశారు.

బ్లాక్‌లు. బ్లూస్కైలో ఎవరు ఎవరిని బ్లాక్ చేశారన్నది బహిరంగ రికార్డు. మాస్టడాన్ నుంచి వచ్చినవాళ్ళలో చాలామందికి ఈ సంగతి తెలియదు. మాజీ భర్తనో, పాత మేనేజర్‌నో బ్లాక్ చేసుకున్నవాళ్ళకు ఇది చిన్న విషయం కాదు.

నిడివి. మాస్టడాన్‌లో మామూలుగా 500 అక్షరాలు, బ్లూస్కైలో 300. ఎక్కువైతే బ్రిడ్జ్ కోసేసి, అసలు పోస్టుకు లింక్ పెడుతుంది. మన భాషకు ఇందులో ఒక ప్రమాదం ఉంది. ఇంగ్లిష్‌లో కాదు, లేదు అన్న మాట వాక్యం మొదట్లోనే వచ్చేస్తుంది. మనకు క్రియ చివర్లో, ఆ క్రియకు అంటుకుని వ్యతిరేకార్థం ఇంకా చివర్లో. "వాళ్ళు చెప్పినట్టు ఆ కాలనీలో మనవాళ్ళని రానివ్వరన్న మాట నేను నమ్మ" దగ్గర కోత పడిందనుకోండి. మిగిలింది "గలను" అయినా కావచ్చు, "లేను" అయినా కావచ్చు. లింక్ నొక్కి మిగతాది చదివేదెవరు?

దిద్దుబాట్లు. మాస్టడాన్‌లో పోస్టును ఎడిట్ చేయవచ్చు. మీరు ఇక్కడ దిద్దినది అక్కడ కూడా దిద్దుకుంటుందని నమ్మకం పెట్టుకోవద్దు. అలాగే, "చూసే ముందు హెచ్చరిక" అని ఇక్కడ మీరు వేసిన తెర అక్కడ తెరలాగే ఉంటుందన్న గ్యారంటీ లేదు.

## 2. ఆన్ చేసే ముందు మీ ఖాతాను సిద్ధం చేసుకోండి

ఇది అరగంట పని. తొందరపడి దాటేయకండి.

1. మీ ప్రొఫైల్‌ను కొత్తవాళ్ళ కళ్ళతో ఒకసారి చదవండి. పేరు, ఫోటో, పరిచయం మూడూ అవతలికి వెళతాయి. పరిచయంలో కంపెనీ పేరో, ఉంటున్న లేఔట్ పేరో ఉంటే అవి అక్కడ కూడా అవసరమా?

2. ఇకమీద వేసే పోస్టుల సంగతి ఆలోచించండి. బ్రిడ్జీ ఫెడ్ మీరు ఆన్ చేశాక వచ్చే పోస్టులనే తీసుకెళుతుంది, పాతవాటిని తవ్వి తీయదు. అన్ని బ్రిడ్జ్‌లూ అలా ఉండవు. వేరేది వాడుతుంటే దీన్ని ముందు కనుక్కోండి.

3. పోస్టు ఎవరెవరికి అన్న సెట్టింగ్ ఒకసారి చూసుకోండి. చాలామందిది ఎప్పుడూ పబ్లిక్‌లోనే ఉంటుంది, మార్చరు. బ్రిడ్జ్ ఆన్ చేశాక ఇంటి సంగతులకు "ఫాలోవర్లకు మాత్రమే" వాడటం అలవాటు చేసుకోండి.

4. ఫాలోవర్ల పోస్టుల గురించి ఒక మెలిక. బ్రిడ్జ్ పని చేయాలంటే దాని బాట్ మీకు ఫాలోవర్ కావాలి. ఫాలోవర్లకు మాత్రమే అని వేసిన పోస్టు ఫాలోవర్లందరి సర్వర్లకూ వెళుతుంది, అంటే బ్రిడ్జ్ సర్వర్ గుమ్మం దాకా కూడా వెళుతుంది. బ్రిడ్జీ ఫెడ్ దాన్ని అవతలికి పంపదు. కానీ పంపకుండా ఆగేది దాని కోడ్ వల్ల, మీ సెట్టింగ్ వల్ల కాదు. ముక్కూమొహం తెలియని బ్రిడ్జ్‌కి ఈ చనువు ఇవ్వకండి.

5. మీ పోస్టుల్లో తరచుగా కనిపించేవాళ్ళెవరో ఆలోచించండి. పిల్లల ఫోటోలు, రూమ్మేట్ కబుర్లు, అమ్మ ఆరోగ్యం. వాళ్ళు మిమ్మల్ని నమ్మి చెప్పింది మీ 60 మందికి.

చెక్‌లిస్ట్:

☐ ప్రొఫైల్ చదివాను, వద్దనుకున్నవి తీసేశాను
☐ పాత పోస్టులు వెళతాయా లేదా తెలుసుకున్నాను
☐ ఫాలోవర్లకు మాత్రమే అని వేయాల్సినవి ఏవో నాకు స్పష్టంగా ఉంది
☐ ఆపే పద్ధతి (4వ భాగం) ముందే చదివాను

చివరిది ముఖ్యం. బయటికి దారి తెలియకుండా లోపలికి వెళ్ళకండి.

## 3. బ్రిడ్జ్ ఆన్ చేయడం

మాస్టడాన్ నుంచి బ్లూస్కైకి:

1. బ్రిడ్జీ ఫెడ్ సైటులో సహాయం పేజీ తెరిచి, బ్లూస్కై వైపు బాట్ హ్యాండిల్‌ను (@తో మొదలయ్యే ఖాతా పేరును) అక్కడి నుంచే కాపీ చేసుకోండి. చేత్తో టైప్ చేస్తే అక్షరం తప్పుపోతుంది. అచ్చం అలాంటి పేరుతో ఎవరైనా వేరే ఖాతా తెరిచి ఉండవచ్చు కూడా.
2. మీ మాస్టడాన్ సెర్చ్‌లో దాన్ని వేసి, ఖాతా వచ్చాక ఫాలో నొక్కండి. మీ అనుమతి ఇచ్చినట్టు లెక్క ఈ ఫాలోయే.
3. బాట్ తిరిగి మిమ్మల్ని ఫాలో అవుతుంది. ఫాలో రిక్వెస్టులు మీరే చూసి ఒప్పుకునే పద్ధతి పెట్టుకుని ఉంటే, ఆ రిక్వెస్టును ఒప్పుకోండి. లేకపోతే మీ పోస్టులు దానికి చేరవు.
4. ఒక మామూలు పోస్టు వేయండి. "ఇవాళ వాన" చాలు, బెంగళూరులో అది ఎప్పుడు వేసినా చెల్లుతుంది.
5. బ్లూస్కైలో మీ పేరుతో వెతకండి. అక్కడి హ్యాండిల్‌లో మీ పేరు, మీ సర్వర్ పేరు, చివర బ్రిడ్జ్ చిరునామా వరుసగా ఉంటాయి.

బ్లూస్కై నుంచి మాస్టడాన్ వైపు రావాలంటే పని ఇదే, బాట్ మాత్రం వేరు. అది కూడా ఆ సహాయం పేజీలోనే ఉంది.

ఒకటి గుర్తుంచుకోండి. మీరు బ్రిడ్జ్ ఆన్ చేసినా, బ్లూస్కైలో ఆన్ చేయనివాళ్ళు మీకు ఇచ్చే రిప్లైలు మీ దాకా రావు. "అక్కడ నాకు ఎవరూ జవాబివ్వట్లేదు" అని బాధపడేవాళ్ళలో సగం మంది సమస్య ఇదే. జవాబులు ఉంటాయి, రాసినవాళ్ళు తమ మాటను ఇటు పంపడానికి ఒప్పుకోలేదు, అంతే. అది వాళ్ళ ఇష్టం.

వాళ్ళను అడగాలనిపిస్తే బాట్‌కు వాళ్ళ హ్యాండిల్‌ను మెసేజ్ చేయండి. మీ తరఫున అది ఒక్కసారి అడుగుతుంది. మళ్ళీ మళ్ళీ అడగదు. ఈ పద్ధతి నాకు చాలా నచ్చింది. పెళ్ళిసంబంధాల పేరయ్యల కంటే మర్యాద.

## 4. వద్దనుకుంటే, లేదా ఆపాలనుకుంటే

ఇంకా ఆన్ చేయనివాళ్ళు బ్రిడ్జీ ఫెడ్ విషయంలో ఏమీ చేయనక్కర్లేదు. అయినా "నన్ను అడగను కూడా అడగొద్దు" అని రాసి పెట్టుకోవాలంటే, మీ పరిచయంలో హ్యాష్ గుర్తు పెట్టి నోబ్రిడ్జ్ అని ఇంగ్లిష్ అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా రాయండి. బ్రిడ్జీ ఫెడ్ దీన్ని మన్నిస్తుంది. వేరేవాళ్ళు రాసిన బ్రిడ్జ్‌లు మన్నించకపోయినా, మనుషులు చదివి అర్థం చేసుకుంటారు.

ఆన్ చేసినవాళ్ళు ఆపాలంటే:

1. బాట్‌కు స్టాప్ అని ఇంగ్లిష్‌లో మెసేజ్ పంపండి, లేదా బాట్‌ను బ్లాక్ చేయండి. ఏదైనా సరే పని చేస్తుంది.
2. కాసేపాగి అవతల మీ బ్రిడ్జ్ ఖాతా పోయిందో లేదో చూడండి. లాగిన్ లేకుండా ప్రైవేట్ విండోలో చూడండి.
3. ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి ఉంటే, ఫైర్‌హోస్ నుంచి పట్టి దాచి ఉంటే, అది మీ చేతిలో లేదు. బ్రిడ్జ్ చేతిలోనూ లేదు.

రోజుకోసారి ఆన్, ఆఫ్ ఆట ఆడకండి. తొలగిపోయిందని ఒకసారి కబురందుకున్న సర్వర్లు, ఆ ఖాతా మళ్ళీ లేచి వస్తే సాఫీగా తీసుకోకపోవచ్చు. సందేహంగా ఉంటే ఆఫ్‌లోనే ఉంచండి.

బ్లూస్కైలో "లాగిన్ కానివాళ్ళకు నా ఖాతా చూపొద్దు" అన్న సెట్టింగ్ ఉంది. అది విన్నపం మాత్రమే, తాళం కాదు. దీని వల్ల మీ ఖాతా ప్రైవేట్ అవదని, వేరే యాప్‌లు పాటించకపోవచ్చని ఆ సెట్టింగ్ కిందే రాసి ఉంటుంది.

## 5. మీరు సర్వర్ అడ్మిన్ అయితే

మొదటి నియమం: 60 మంది తరఫున మీరు ఒప్పుకోవడానికి వీల్లేదు. సర్వర్ మీ డబ్బుతో నడుస్తున్నా సరే.

రెండోది: పోల్ పెట్టకండి. నేను పెట్టాను. "బ్రిడ్జ్ కావాలా?" అంటే 40 మంది అవును అన్నారు, ఐదుగురు వద్దన్నారు, మిగతావాళ్ళు చూడలేదు. 40 మంది అవును అన్నంత మాత్రాన ఆ ఐదుగురి పోస్టులు మోసుకెళ్ళే హక్కు రాదు. చూడనివాళ్ళ సంగతి సరేసరి. పోల్ దేనికి పనికొస్తుందంటే, ఈ పని మీద నా ఆదివారం పెట్టడం దండగా కాదా అని తేల్చుకోవడానికి.

అడగాల్సింది ఒక్కొక్కరిని, విడిగా. గ్రూపులో అడిగితే మొహమాటానికి ఊఁ అంటారు. మనవాళ్ళలో ఇది మరీ ఎక్కువ. నలుగురి ముందు "నాకొద్దు" అంటే ఏమనుకుంటారో అని తల ఊపేసి, తర్వాత మెల్లగా రాయడం మానేస్తారు. అలా ఇద్దరు మా సర్వర్ నుంచి వెళ్ళిపోయాకే నాకు అర్థమైంది.

క్రమం ఇలా పెట్టుకోండి:

1. సర్వర్ ప్రకటనగా విషయం మాత్రం చెప్పండి. అందులో అడగకండి.
2. రెండు మూడు రోజులు ప్రశ్నలకు వదిలేయండి.
3. ఆ తర్వాత ఒక్కొక్కరికీ విడి సందేశం పంపండి. ఒక్కసారే.
4. జవాబు రాకపోతే వద్దన్నట్టే లెక్క.
5. కొత్తగా చేరేవాళ్ళకు స్వాగత సందేశంలో ఈ సంగతి చెప్పండి. చేరే ఫారంలో ముందే టిక్ పెట్టి ఉంచకండి.

నేను పంపే సందేశం ఇది. కావాలంటే వాడుకోండి:

> నమస్కారం. మీ పబ్లిక్ పోస్టులను బ్లూస్కైలో కూడా కనిపించేలా చేసుకునే వీలుంది. మీరు కావాలంటేనే.
> వెళ్ళేవి: పేరు, ఫోటో, పరిచయం, ఇకమీద వేసే పబ్లిక్ పోస్టులు, ఫోటోలు.
> వెళ్ళనివి: పాత పోస్టులు, ఫాలోవర్లకు మాత్రమే వేసినవి, మీ సందేశాలు.
> అక్కడ ఎవరైనా వెతికి చూడవచ్చు, కాపీ దాచుకోవచ్చు. తర్వాత తీసేసినా ఆ కాపీలు పోవు.
> కావాలంటే: ఫలానా బాట్‌ను ఫాలో అవండి.
> వద్దంటే: ఏమీ చేయనక్కర్లేదు. మళ్ళీ అడగను. సర్వర్‌లో మీకు ఏదీ తగ్గదు.
> ఎప్పుడు ఆపాలన్నా: అదే బాట్‌ను బ్లాక్ చేయండి, లేదా నాకు ఒక్క మాట చెప్పండి.

దీన్ని తెలుగులోనే పంపండి. ఇంగ్లిష్ నోటీసు వస్తే మనం చదవకుండా "ఓకే" నొక్కుతాం. రోజంతా ఇంగ్లిష్‌లోనే పని చేసేవాళ్ళమైనా సరే, నొక్కుతాం.

సర్వర్‌లో ఎవరికీ వద్దంటే, లేదా పెద్దగా గొడవ జరుగుతుంటే, మాస్టడాన్ అడ్మిన్ పేజీలో ఆ బ్రిడ్జ్ డొమైన్‌ను బ్లాక్ చేయవచ్చు. అయితే అప్పుడు కావాలనుకున్నవాళ్ళ దారి కూడా మూసినట్టే. అదీ ఒకరి తరఫున ఇంకొకరు తేల్చడమే కాబట్టి, ముందు చెప్పి చేయండి.

## 6. సొంతంగా బ్రిడ్జ్ రాసేవాళ్ళకు

కోడ్ కంటే ముందు ఒక తెల్ల కాగితం తీసుకోండి. ఎడమవైపు ఇక్కడున్నవన్నీ రాయండి: పేరు, ఫోటో, పరిచయం, పోస్టు, రిప్లై, లైక్, రీపోస్ట్, ఫాలో, ఫోటో వివరణ, ఎడిట్, డిలీట్, బ్లాక్. ప్రతిదానికీ ఎదురుగా, అవతల అది ఏమవుతుందో, ఎవరికి కనిపిస్తుందో రాయండి. ఖాళీగా మిగిలిన గడులే మీ అసలు పని. నా మొదటి స్క్రిప్ట్‌లో డిలీట్ ఎదురుగా గడి ఖాళీ. ఆ అక్క ఇక్కడ పోస్టు తీసేసినా అక్కడ అలాగే ఉండిపోయింది.

6.1 మొదట్లో అన్నీ ఆఫ్. బ్రిడ్జీ ఫెడ్ రాసిన రయాన్ బారెట్ 2024 ఫిబ్రవరిలో ముందు అనుకున్నది దీనికి తిరగేసి: అందరినీ కలిపేయడం, వద్దన్నవాళ్ళను వదిలేయడం. మాస్టడాన్ వైపు నుంచి పెద్ద దుమారం లేచింది. దాంతో ఆయన పద్ధతి మార్చి, ముందు అడగడం పెట్టాడు. మెటా వాళ్ళ థ్రెడ్స్‌లో కూడా ఫెడివర్స్ (మాస్టడాన్ లాంటి సర్వర్లన్నీ కలిసిన వల) షేరింగ్‌ను యూజరే ఆన్ చేసుకోవాలి. మీరు కొత్తగా మొదలుపెడుతూ మళ్ళీ ఆ గుంతలో పడాల్సిన పని లేదు.

6.2 యూజర్ ఏదో ఒకటి చేయాలి. ఫాలో నొక్కడం, బటన్ నొక్కడం, "సరే" అని పంపడం. యూజర్ తానే కదిలి చేసిన పని ఏదైనా సరే. ఊరుకోవడం అనుమతి కాదు. ప్రొఫైల్ పబ్లిక్‌గా ఉండటం కూడా కాదు.

6.3 ఒక్కో నెట్‌వర్క్‌కు వేరే అనుమతి. బ్లూస్కైకి ఊఁ అన్నవాళ్ళను నోస్టర్ అనే ఇంకో నెట్‌వర్క్‌కు కూడా కలిపేయకండి. నోస్టర్‌లో పోస్టుల మీద సంతకం పడి రకరకాల రిలేలకు (పోస్టులు దాచి అందించే సర్వర్లకు) వెళతాయి. అక్కడ డిలీట్ అంటే దయచేసి తీసేయండి అని అడగడమే, వినేవి వింటాయి. రిస్కు వేరు కాబట్టి ప్రశ్న కూడా వేరుగా ఉండాలి.

6.4 వద్దన్నదాన్ని గుర్తుపెట్టుకోండి. ఇక్కడ ఒక చిక్కుంది. వద్దన్నవాళ్ళను మళ్ళీ అడగకుండా ఉండాలంటే, వాళ్ళెవరో మీ దగ్గర రాసి ఉండాలి. వాళ్ళేమో వాళ్ళ సమాచారం మీ దగ్గర ఉండకూడదనే కదా వద్దన్నది! నేను చేసింది ఇది: హ్యాండిల్‌కు సర్వర్ రహస్య కీతో హ్యాష్ తీసి ఆ హ్యాష్ ఒక్కటే ఉంచుకుంటాను. పేరు, ఫోటో, తేదీ ఏవీ ఉండవు. పూర్తి పరిష్కారం కాదు, ఉన్నంతలో నయం.

6.5 మధ్యలో చిక్కేవాళ్ళు. అన్నిటికంటే ఎక్కువ ఆలోచించాల్సింది ఇక్కడే. మీరు ఆన్ చేశారు, మీ స్నేహితుడు చేయలేదు. ఆయన పోస్టుకు మీరు రిప్లై ఇచ్చారు. మీ రిప్లై అవతలికి వెళితే, ఆయన మాట లేకుండా మీ మాట ఒక్కటే అక్కడ వేలాడుతుంది. ఆయన మాటను కూడా లాక్కెళితే అనుమతి లేనట్టు. నేను ఎంచుకున్నది: ఒప్పుకోనివాళ్ళకు ఇచ్చిన రిప్లైని అసలు మోయను. సంభాషణ కుంటుతుంది. కుంటనివ్వండి.

పేరు ట్యాగ్ చేసినప్పుడు కూడా ఇదే. ఒప్పుకోనివాళ్ళ పేరు పోస్టులో ఉంటే దాన్ని లింక్‌గా మార్చకండి. పరిచయం, ఫోటో లాక్కొచ్చి కార్డులా అసలే చూపించకండి.

6.6 వెళ్ళే దారి, వచ్చిన దారి ఒకే పొడవు. ఒక్క నొక్కుతో చేర్చుకుంటే ఒక్క నొక్కుతో వదిలేయాలి. మన దేశంలో 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం కూడా ఇదే అంటుంది: ఇవ్వడం ఎంత సులువో వెనక్కి తీసుకోవడం అంత సులువుగా ఉండాలి. అనుమతి స్వేచ్ఛగా, ఫలానా పనికని, తెలిసి ఇచ్చినదై ఉండాలని, నోటీసును ఇంగ్లిష్‌లోనో రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్లోని భాషల్లోనో చదువుకునే వీలుండాలని కూడా అంటుంది. తెలుగు ఆ షెడ్యూల్లో ఉంది.

అదే చట్టం, మనిషి తానే బహిరంగంగా పెట్టిన సమాచారానికి తాను వర్తించనని కూడా చెబుతుంది. పబ్లిక్ పోస్టులు దాని కిందికే వస్తాయని వాదించేవాళ్ళు ఉంటారు. వాదించుకోనివ్వండి. కోర్టులో గెలవచ్చేమో, ఆదివారం కబ్బన్ పార్కులో ఆ అక్క ఎదురుపడితే ఏం చెబుతారు? (18 ఏళ్ళ లోపు వాళ్ళ విషయంలో ఆ చట్టం తల్లిదండ్రుల అనుమతి అడుగుతుంది. నా బ్రిడ్జ్‌లో పిల్లల ఖాతాలు తీసుకోను. తలనొప్పి వద్దు.)

## 7. అందరికీ తెరిచే ముందు పరీక్ష

మీవే రెండు ఖాతాలు, అవతల రెండు ఖాతాలు. వేరేవాళ్ళ పోస్టులతో టెస్టింగ్ చేయకండి. నేను ఎందుకు చెబుతున్నానో మీకు తెలుసు.

☐ అనుమతి ఇవ్వని ఖాతా పబ్లిక్ పోస్టు: వెళ్ళకూడదు
☐ అనుమతి ఇచ్చిన ఖాతా, ఫాలోవర్లకు మాత్రమే: వెళ్ళకూడదు
☐ సెర్చ్‌లో రాకుండా వేసే "నిశ్శబ్ద పబ్లిక్" పోస్టు: వెళ్ళాలా వద్దా ముందే తేల్చుకుని, అలాగే జరుగుతోందో చూడండి
☐ 300 దాటిన తెలుగు పోస్టు: కోత వాక్యం మధ్యలో పడకూడదు
☐ హెచ్చరిక తెర వేసిన పోస్టు: అవతల తెర ఉందా?
☐ ఇక్కడ డిలీట్: అక్కడ ఎంతసేపట్లో పోయింది?
☐ బ్రిడ్జ్ సర్వర్ ఆపి ఉన్నప్పుడు డిలీట్ చేసి, తర్వాత ఆన్ చేయండి: అప్పుడైనా పోయిందా?
☐ ఆపేశాక పోస్టు: వెళ్ళకూడదు
☐ ఖాతా వేరే సర్వర్‌కు మారితే: పాత అనుమతి వెంట వెళ్ళకూడదు, మళ్ళీ అడగాలి

కోత గురించి ఇంకొక మాట. ఒత్తున్న అక్షరాన్ని ఒకటిగా లెక్కపెడతారా రెండుగానా అన్నది యాప్‌ను బట్టి, వెర్షన్‌ను బట్టి మారుతుంది. 299 అని ఇక్కడ చూపించింది అక్కడ 340 అవవచ్చు. అందుకని నేను 220 అక్షరాల లోపు వచ్చే చివరి చుక్క (ఫుల్‌స్టాప్) వెతికి, అక్కడే కోసి లింక్ పెడతాను. చుక్కే దొరకకపోతే పోస్టులోంచి ఒక్క మాటా తీసుకోను, "పూర్తి పోస్టు ఇక్కడ" అని లింక్ మాత్రమే పంపుతాను.

డిలీట్ పరీక్షలో ఏడోది చాలామంది వదిలేస్తారు. బ్రిడ్జ్ నిద్రపోయినప్పుడు వచ్చిన డిలీట్ కబురు గాలికి పోతుంది. లేచాక, తాను మోసిన పోస్టులు ఇంకా ఇక్కడ ఉన్నాయా అని రోజుకోసారి తిరిగి చూసుకునేలా రాయండి.

## 8. తరచుగా జరిగే తప్పులు, వాటికి మందు

"ఆన్ చేశాను, ఏమీ కనిపించట్లేదు." ఫోటో, పరిచయం లేని ఖాతాలను, నిన్నగాక మొన్న తెరిచిన ఖాతాలను స్పామ్ భయంతో బ్రిడ్జ్‌లు ఆపుతాయి. నింపండి, కొన్నాళ్ళు ఆగండి. ఫాలో రిక్వెస్ట్ పెండింగ్‌లో ఉందేమో కూడా చూడండి.

రాయడం మానేసినవాళ్ళ ఖాతాలను కలపడం. వాళ్ళు లేరు కాబట్టి వద్దనలేరు. చనిపోయినవాళ్ళు కూడా వాళ్ళలో ఉండవచ్చు. మా సర్వర్‌లో అలాంటి ఖాతా ఒకటి ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరు.

గ్రూప్ చాట్‌ను బ్రిడ్జ్ చేయడం. టెలిగ్రామ్ గ్రూప్‌ను మ్యాట్రిక్స్ అనే ఇంకో చాట్ నెట్‌వర్క్ గదితో కలిపితే బాట్ అందరి మాటలూ అటు మోస్తుంది. ఇందులో ఒక్కరు వద్దన్నా గ్రూప్ మొత్తం ఆగాలి, లేదా వాళ్ళ మెసేజ్‌లు మోయకుండా సెట్ చేయగలగాలి. రెండోది చేతకాకపోతే కొత్త గ్రూప్ తెరిచి, కావాల్సినవాళ్ళను రమ్మనండి. గ్రూప్ పేరులోనే "మ్యాట్రిక్స్‌తో కలిసింది" అని రాయండి.

పాత అనుమతితో కొత్త పని. మొదట పోస్టులే మోసి, ఆర్నెల్ల తర్వాత లైకులు కూడా మోయడం మొదలుపెడితే మళ్ళీ అడగాలి. ఒకరు దేన్ని లైక్ చేశారో చూస్తే చాలా సంగతులు బయటపడతాయి.

అడగకుండా ఇప్పటికే మోసేశారు. ఇది నా వంతు కాబట్టి వివరంగా చెబుతాను.

1. ముందు ఆపండి. ఆలోచన తర్వాత.
2. మోసినవన్నీ అవతల తీసేయండి. బాట్ ఖాతా ఉంచుకుని "ఇకమీద చేయను" అనడం కుదరదు.
3. ఎవరెవరి పోస్టులు, ఏ సమయం నుంచి ఏ సమయం దాకా వెళ్ళాయో జాబితా తీయండి.
4. ప్రతి ఒక్కరికీ విడిగా చెప్పండి. వాళ్ళ పోస్టుల్లో ఏవేవి వెళ్ళాయో లింకులతో సహా పంపండి. ఏదో టెక్నికల్ సమస్య అని రాయకండి, నేను అడగలేదు అని రాయండి.
5. ఎవరికైనా నష్టం జరిగితే, ఏం చేస్తే తగ్గుతుందో వాళ్ళనే అడగండి. నేను ఆ అక్క కోసం బ్లూస్కైలో ఆ పోస్టును కోట్ చేసిన ఇద్దరికి సందేశం పంపి తీసేయమని అడిగాను. ఒకరు తీసేశారు.
6. జాబితాను పని అయ్యాక చెరిపేయండి.

బ్రిడ్జ్ ఇప్పుడు మా సర్వర్‌లో 23 మంది వాడుతున్నారు. ఆ అక్క వాళ్ళలో లేదు. ఆవిడకు విడిగా ఒకసారి సందేశం పంపాను, జవాబు రాలేదు. మళ్ళీ అడగలేదు.